పడవ మీద భోజనానికి పిలుపు

మొన్న జగిత్యాల బస్టాండు దగ్గర ఛాయ్ తాగుతుంటే ఒక అమ్మాయి వచ్చి నమస్తే పెట్టింది. టూరిజంలో డిగ్రీ చేసిందట. హైదరాబాదులో ఒక ట్రావెల్ కంపెనీలో టూర్ మేనేజరుగా చేరబోతోందట. నా సంగతి ఎవరో చెప్పారట.

"అంకుల్, గీ పనిల అన్నిటికంటె ముఖ్యంగ ఏం తెల్వాలె?" అని అడిగింది.

"ముందుగాల ఛాయ్ తాగు బిడ్డా" అన్నాను. వద్దంది. మళ్లీ అన్నాను. వద్దు వద్దంటూనే గ్లాసు అందుకుని ఇష్టంగా తాగింది.

"గిదే ముఖ్యం" అన్నాను.

ముసలాయనకు ఏదో అయిందనుకున్నట్టుంది, నా ముఖం వంక అదోలా చూసింది. అంతలో బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. చెప్పవలసింది గొంతులోనే ఉండిపోయింది కనుక ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు.

నా పేరు రాజేశం. మాది మల్యాల. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నాకు ఎత్తు అంటే భయం, అందుకని నేల మీద నడిచే బస్సులు చూసుకున్నాను. క్లీనరుగా చేరి, టూర్ మేనేజరునై, మోకాళ్లు ఇక చాలన్నాక మానేశాను. కాశీ నుంచి దుబాయి దాకా మన వాళ్లను తిప్పి, ఎక్కించిన వాళ్లను ఎక్కించినట్టే ఇళ్లకు చేర్చాను. నేను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

ఏదైనా ఫర్వాలేదనే వాళ్లతో జాగ్రత్త

టిక్కెట్లు, వీసాలు, హోటలు గదులు ఇప్పుడు ఫోనే చేసిపెడుతుంది. మరి మనిషి ఎందుకు? ఎవరి మీద కోపం వచ్చినా తిట్టడానికి దగ్గరలో ఒకడు ఉండాలి, అందుకు. వాన పడితే మనల్నే అంటారు. తాజ్‌మహల్ ఫొటోలో ఉన్నంత తెల్లగా లేకపోతే మనల్నే అంటారు. ఇది నచ్చని వాళ్లు ఈ పనిలోకి రావద్దు, బ్యాంకు పరీక్షలు రాసుకోండి.

కిటికీ పక్క సీటు కావాలని పేచీ పెట్టే వాళ్లను చూసి భయపడకండి. వాళ్లకు ఏం కావాలో వాళ్ల నోటితోనే చెప్పారు, ఇస్తే అయిపోతుంది. భయపడవలసింది "మాదేమున్నది అన్నా, ఎక్కడ కూసుండవెడితె గక్కడ కూసుంటం" అనే వాళ్లను చూసి. వాళ్ల మనసులో ఒక సీటు ఉంటుంది. అది మనమే కనుక్కోవాలి. కనుక్కోకపోతే ప్రయాణమంతా నవ్వుతూనే ఉండి, ఊరికి వెళ్లాక వాడకట్టంతా తిరిగి మనల్ని తిడతారు.

రావు సాబ్ నేర్పింది

మా ఓనరును అందరూ రావు సాబ్ అనేవారు. పెగడపల్లి దిక్కు ఒకప్పటి దొరల ఇంటి మనిషి. భూములు తగ్గిపోయాక జగిత్యాలలో ఒక పాత బస్సు కొని ట్రావెల్స్ పెట్టాడు. మనిషి మంచివాడేనా అంటే, నెలలో సగం రోజులు మంచివాడు. మిగతా సగంలో ఆయన కంటికి కనిపించకుండా ఉండటం కూడా ఉద్యోగంలో భాగమే. తిట్టేటప్పుడు మా నాయన దాకా వెళ్లేవాడు. సాయంత్రం ఆయనే పిలిచి మా నాయన ఆరోగ్యం అడిగేవాడు. ఈ రెంటిలో ఏది నిజమో ఆఖరు దాకా నాకు తేలలేదు.

నేను మేనేజరుగా వెళ్లిన మొదటి కాశీ యాత్రకు ఆయన కూడా వచ్చాడు. దారిలో ఒకచోట బస్సు ఆపాం. వంటవాడు అన్నం, పప్పు, వంకాయ కూర చేశాడు. నేను డ్రైవరుతో గట్టిగా హారన్ కొట్టించి "అన్నం రెడీ" అని కేకేశాను. సగం మందే వచ్చారు. మిగతా వాళ్లు చెట్ల కింద, బస్సు మెట్ల మీద కూర్చుని మా వైపు చూస్తున్నారు. ఆకలి లేదేమో అనుకున్నాను.

రావు సాబ్ ఇది చూశాడు. ఒక చెంబు నీళ్లు తీసుకుని మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్లాడు.

"లేవుండ్రి పెద్దమ్మా, కాళ్లు చేతులు కడుక్కోండ్రి" అన్నాడు.

"ఆకలయితలేదు సారూ, మీరు తినుండ్రి" అన్నదామె.

"మీరు లేవకుంటె నేనెట్ల తింట. లేవుండ్రి."

ఆమె కొంగు సర్దుకుని లేచింది. అలా ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి అందరినీ లేపాడు. కూర చాలక వంటవాడు మళ్లీ పొయ్యి వెలిగించాడు. అప్పుడు నా వైపు తిరిగి, "అన్నం వండుడు వంటోని పని రాజేశం. పిలుసుడు నీ పని. హారన్ కొట్టి పిలుస్తె మనుషులెట్ల అస్తరురా" అన్నాడు.

బయటి వాళ్ల కోసం ఒక మాట వివరంగా చెప్పాలి. మా దిక్కు పెద్దవాళ్లు పిలవకుండా తినడానికి లేవరు. పిలవడమంటే దగ్గరకు వచ్చి, ముఖం చూసి, కాళ్లు చేతులు కడుక్కోండ్రి అనాలి. ఒక్కసారి అంటే చాలదు. మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మనకు ఎంత మనసు ఉందో చూడటం. మూడోసారికి లేస్తారు. బఫేలు వచ్చి ఎన్నేళ్లయినా ఈ లెక్క మారలేదు. పిల్లలు గబగబా వెళ్లి ప్లేట్లు పట్టుకుంటారు. పెద్దలు కుర్చీల్లో కూర్చుని ఎవరు వస్తారా అని చూస్తుంటారు. మన టూరు కాగితంలో "భోజనంతో కలిపి" అని రాసి ఉన్నంత మాత్రాన వాళ్ల కడుపులోకి భోజనం వెళ్లినట్టు కాదు.

లావణ్య ఫోను

ఇక అసలు సంగతి. మా దిక్కు దుబాయి అంటే పరదేశమని ఎవరూ అనుకోరు. ప్రతి వాడకట్టులో ఎవరో ఒకరు అక్కడ పనిచేసిన వాళ్లే. అయితే పనికి వెళ్లిన వాళ్లు ఊరిని చూసింది తక్కువ. చూడటానికే వెళ్లే రోజులు ఈ మధ్యనే వచ్చాయి. నేను పని మానేసే ముందు తీసుకెళ్లిన ఆఖరు పెద్ద టూరు అదే.

బయలుదేరడానికి కొన్ని రోజుల ముందు దుబాయి నుంచి ఫోను వచ్చింది.

"అంకుల్, నేను లావణ్యను. కోరుట్ల సులోచన బిడ్డను. మా అమ్మ నాన్న మీ టూరుల అస్తున్నరు గద. మా అత్తమ్మ మామయ్య గూడ అస్తున్నరు, సిరిసిల్ల నుంచి."

"మంచిదే గద బిడ్డా. రెండు దిక్కులోళ్లు ఒక్కతాన ఉంటరు."

"గదే కష్టం. మా పెండ్లి అయిన్నుంచి మా అమ్మ, మా అత్తమ్మ మాట్లాడుకుంటలేరు. ఎందుకో ఎవ్వరు చెప్తలేరు. నాకిప్పుడు ఐదో నెల. ఏడో నెలల సిరిసిల్లకు అస్త. మా అత్తమ్మ తోలియ్యాలె, మా అమ్మ అచ్చి కాన్పుకు తీస్కపోవాలె. ఇద్దరు మాట్లాడుకోకుంటె నేను ఏ ఇంట్లుండాలె, మీరే చెప్పుండ్రి."

నాకు కూతుళ్లున్నారు, ఆ బాధ నాకు తెలుసు. "నేను సూస్త బిడ్డా" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

కోరుట్లలో సులోచన, ఆమె భర్త గంగారాం బస్సెక్కారు. ఆయన పసుపు వ్యాపారం చేస్తాడు. సిరిసిల్లలో అనసూయ, ఆమె భర్త నర్సయ్య ఎక్కారు. వాళ్లకు సాంచెలున్నాయి. ఆ మగ్గాల చప్పుడులో బతికిన మనిషి కనుక అనసూయ మామూలుగా మాట్లాడినా మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. అలాంటి మనిషి వియ్యపురాలు కనిపించగానే నోరు మూసుకుంది. ఒకరు ముందు సీటు, ఒకరు వెనక సీటు. విమానంలో ఖర్మకొద్దీ పక్కపక్కనే పడ్డారు. "రాజేశమన్నా, గా సంచి జెర జరుపుమను" అని సులోచన నాతో చెప్పడం, "జరిపిన అని చెప్పు అన్నా" అని అనసూయ నాతోనే చెప్పడం. నడుమ నేను తలకాయ అటూ ఇటూ తిప్పి మెడ నొప్పి తెచ్చుకున్నాను. మగవాళ్లిద్దరూ మాత్రం బాత్రూము దగ్గర కలుసుకుని హాయిగా ముచ్చట పెట్టుకుంటున్నారు.

తెల్ల పడవ

దుబాయిలో లావణ్య, ఆమె భర్త నవీన్ మాతో కలిశారు. మరునాడు నవీన్ మాట్లాడిపెట్టిన పడవ షికారు. పెద్ద తెల్లటి మోటారు పడవ, రెండంతస్తులు. మేమొక్కళ్లమే కాదు, ఏయే దేశాల వాళ్లో టిక్కెట్టు కొని ఎక్కారు. సముద్రం మీద తిప్పి, మధ్యలో భోజనం పెట్టి, మళ్లీ ఒడ్డుకు చేరుస్తారు. ఎక్కేముందు చెప్పులు విప్పి ఒక బుట్టలో వేయమన్నారు. అది మన వాళ్లకు బాగా నచ్చింది. నర్సయ్య అయితే పడవకు దండం కూడా పెట్టాడు.

పై అంతస్తులో గాలి చల్లగా ఉంది. రెండు వైపులా అద్దాల మేడలు. "గీ అద్దాలన్ని ఎవలు తుడుస్తరు" అని గంగారాం అడిగాడు. "మనోళ్లే ఉంటరు బావా" అన్నాడు నర్సయ్య. పెద్ద రంగులరాట్నం వచ్చింది, ఖర్జూర చెట్టు ఆకారంలో కట్టిన దీవి వచ్చింది. అందరూ ఫొటోలు దిగారు. సులోచన కుడి వైపు బెంచీ మీద, అనసూయ ఎడమ వైపు బెంచీ మీద. ఇద్దరూ చెరో సముద్రం చూస్తున్నారు.

అంతలో మైకులో భోజనం సిద్ధమని ఇంగ్లీషులో, హిందీలో చెప్పారు. కింది అంతస్తులో బఫే. మిగతా జనం చప్పున దిగిపోయారు. మా గుంపులో చిన్నవాళ్లూ దిగారు. నాతో వచ్చిన మిగతా పెద్దవాళ్లను నేను పిలిచి పంపాను. తిరిగి పైకి వచ్చి చూస్తే ఆ రెండు బెంచీలు కదలలేదు. మగవాళ్లకు ఆకలి దంచుతోంది, అయినా భార్యల ముఖాలు చూసి కూర్చున్నారు. నవీన్ ఫోను పట్టుకుని మేడలను వీడియో తీస్తున్నాడు. ఆ మేడలను రోజూ చూసే మనిషే. లావణ్య నడుమ నిలబడి ఉంది.

"నువ్వు పోయి తిను బిడ్డా" అన్నారు ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి.

"మీరు తినకుంట నేనెట్ల తింట" అన్నది లావణ్య. నా వైపు చూసింది. సూస్త అని మాట ఇచ్చిన మనిషిని నేనే కదా.

సులోచన దగ్గరకు వెళ్లాను. "చెల్లె, లేవరాదు."

"ఎట్ల లేవాలె అన్నా? పడవ మాట్లాడింది అల్లుడు. ఇక్కడ ఇల్లు వాళ్ల కొడుకుది. మేము చుట్టాలం. వాళ్లు లేవుండ్రి అనాలె గద, అనకుంట మేమే పోయి ప్లేటు పట్టుకుంటమా?"

న్యాయంగానే ఉంది. అనసూయ దగ్గరకు వెళ్లాను.

"ఆడపిల్లోళ్లు పిలువకుంట మేము లేస్తమా అన్నా? ఎక్కడున్నా మేము మొగపిల్లోని దిక్కు. పెండ్లిల ఒక్కసారి అయింది, సాలు."

ఇదీ న్యాయమే. నేను నడుమ నిలబడిపోయాను. ఇల్లయితే ఎవరిదో ఒకరిది అవుతుంది, ఇంటివాళ్లు పిలుస్తారు. పంచుకున్న పడవ ఎవరిల్లు? ఎవరిదీ కాదు. అందుకని ఇక్కడ ఇద్దరూ చుట్టాలే, పిలిచే వాళ్లే లేరు. కింద ప్లేట్ల చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడ తినకుండా ఒడ్డెక్కితే వీళ్లు మళ్లీ కలవరని, ఏడో నెల వచ్చేసరికి ఆ పిల్ల నలిగిపోతుందని నాకు భయం వేసింది.

అప్పుడు రావు సాబ్ చెంబు గుర్తుకొచ్చింది. చెంబు ఎక్కడ దొరుకుతుంది? కింద నుంచి ఒక నీళ్ల సీసా తెచ్చాను. రెండు బెంచీల నడుమ నిలబడి గట్టిగా అన్నాను.

"చెల్లె సులోచనా, చెల్లె అనసూయా. గీ పడవ ఇయ్యాల మీ అన్న ఇల్లు. మీరిద్దరు నా ఇంటికచ్చిన ఆడబిడ్డలు. లేవుండ్రి, కాళ్లు చేతులు కడుక్కోండ్రి."

ఎవరూ లేవలేదు. మొదటిసారి కదా. మళ్లీ అన్నాను.

"నువ్వెవలి దిక్కు అన్నా?" అన్నది అనసూయ.

"నాది మల్యాల. కోరుట్లకు, సిరిసిల్లకు నడుమ. ఎవలి దిక్కూ కాదు. లేవుండ్రి."

నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరు నీకు చెల్లెండ్లయితె, వాళ్లిద్దరు అక్కచెల్లెండ్లయితరు గదనే. మరి వియ్యపురాళ్లెట్లయిండ్రు? లెక్క తప్పింది రాజేశం బావా."

గంగారాం ఫక్కున నవ్వాడు. అనసూయ నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించింది. ఆపుకోలేకపోయినందుకు ఆమెకే కోపం వచ్చింది. ఆ కోపంలో మాట జారింది.

"నవ్వుతరు మీకేంది. పెండ్లిల గిట్లనే మైకుల పిలిసిండ్రు. భోజనాలు తయారు, అందరు రాండ్రి అని. నేను వదినె అచ్చి పిలుస్తదని విడిదింట్ల తయారై కూసున్న. ఎవ్వరు రాలె. కొడుకు పెండ్లిల అన్నం తినకుంట సిరిసిల్లకు పోయిన."

సులోచన మెల్లగా లేచి నిలబడింది.

"నువ్వు తినలేదా వదినె?"

పెళ్లయ్యాక ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదేనని తర్వాత లావణ్య చెప్పింది.

"మైకాయన చెప్పిండు గద, అందరు తిన్నరనుకున్న" అన్నది సులోచన. ఆమె కళ్లు నిండాయి. "పిల్లను అప్పజెప్పే దుఃఖంల నాకేం సోయి లేకుండె. నువ్వు చెప్పకుంట పోతివి, నాకేమో గీమెకు మా ఇంటి సంబంధం నచ్చలేదనిపించె. గందుకే నేను గూడ మాట్లాడలె."

అనసూయ తల తిప్పుకుంది. సులోచన నా చేతిలోంచి సీసా గుంజుకుంది. "లే వదినె. చెయ్యి పట్టు."

అనసూయ లేచి రెయిలింగు మీదుగా చేతులు చాపింది. సులోచన నీళ్లు పోసింది. ఆ గాలికి సగం నీళ్లు మా ముఖాల మీద పడ్డాయి. పడవలో పనిచేసే ఒక మలయాళీ అబ్బాయి పరుగున వచ్చి, ఇక్కడ కడగకూడదు, కింద వాష్‌బేసిన్ ఉందని హిందీలో మొత్తుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగు బాబూ, ఇది వేరే పని" అన్నాను నాకు వచ్చిన హిందీలో. అతనికి ఏం అర్థమైందో గాని ఆగాడు.

సిరిసిల్ల తొక్కు

మేం కిందికి దిగేసరికి పళ్లాలు ఖాళీ. కొంచెం అన్నం, దోసకాయ ముక్కలు, అడుగున నాలుగు చికెన్ ముక్కలు ఉన్నాయి. పంచుకున్న పడవలో మన కోసం ఎవరూ మిగల్చరు, అదీ గుర్తుంచుకోండి. ఆ మలయాళీ అబ్బాయినే బతిమాలాను. కడుపుతో ఉన్న పిల్ల తినలేదన్నాను. అతను లోపలికి వెళ్లి పనివాళ్ల కోసం వండుకున్న అన్నం, చేపల పులుసు తెచ్చి పెట్టాడు. అతని మేలు ఇప్పటికీ తలుచుకుంటాను.

సులోచన వడ్డించింది. "ఇంకింత ఏసుకో వదినె" అంది. అనసూయ చాలంది. మళ్లీ వేసింది. చాలంటే మళ్లీ వేసింది. ఆ తర్వాత అనసూయ గంటె గుంజుకుని ఆమెకు వేసింది. ఎప్పటి నుంచి దాచిపెట్టుకుందో, సంచిలోంచి మామిడికాయ తొక్కు పచ్చడి డబ్బా బయటికి తీసింది. బయటి తిండి తేవద్దని టిక్కెట్టు మీద పెద్ద అక్షరాలతో ఉంది. నేను అటు వైపు తిరిగి సముద్రం చూశాను. లావణ్య ఇద్దరి నడుమ కూర్చుని రెండు వైపుల నుంచీ వచ్చే ముద్దలు తింటోంది. నవీన్ ఇప్పుడు నిజంగా వీడియో తీశాడు.

ఒడ్డుకు చేరి బుట్టలో చెప్పులు వెతుక్కుంటుంటే అనసూయ గొంతు మళ్లీ సాంచెల ఇంటి గొంతైంది.

"వదినె, ఏడో నెల బిడ్డను తీస్కపోయేటప్పుడు పిలుపు కోసం సూడకు. పిలువకుంట రా. నీ ఇంటికి నువ్వు అచ్చినట్టు రా."

మన దిక్కు పిలవకుండా రమ్మన్నారంటే అంతకన్నా పెద్ద పిలుపు లేదు. లావణ్య నా చేయి పట్టుకుంది. ఆ రోజు నేను ఏమేం చూపించానో నాకు గుర్తు లేదు, ఆ చేయి గుర్తుంది.

మల్యాల నుంచి కోరుట్లకు

కొన్ని నెలల తర్వాత వియ్యపురాళ్లిద్దరూ ఒకే ఆటోలో మా ఇంటికి వచ్చారు. ఆడపిల్ల పుట్టిందట, కోరుట్లలో పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షను, తప్పకుండా రావాలట. నేను వద్దంటే వద్దన్నాను, మూడోసారికి సరేనన్నాను.

ఫంక్షనులో బఫే పెట్టారు. మైకు లేదు, అది గమనించాను. పొద్దు నెత్తి మీదికొచ్చింది. సులోచన, అనసూయ చుట్టాలను పిలుస్తూ, వడ్డిస్తూ పోటీ పడి తిరుగుతున్నారు. నన్ను అనసూయ పిలిచిందని సులోచన, సులోచన పిలిచిందని అనసూయ అనుకున్నట్టున్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను. మటన్ వాసన ముక్కుకు తగులుతోంది. పొద్దున నుంచి ఏమీ తినలేదు. జీవితమంతా జనాన్ని పిలిచి లేపిన వాణ్ని, లేచి ఒక ప్లేటు పట్టుకుంటే అయిపోయేది. కాళ్లు లేవలేదు. నేనూ ఈ దిక్కు వాణ్నే కదా.

తొట్టెల దగ్గర కూర్చున్న లావణ్య తల ఎత్తి నన్ను చూసింది. ఖాళీ చేతులు చూసింది. పసిపిల్లను భుజాన వేసుకుని, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"లేవుండ్రి మామయ్యా" అన్నది. అంతకుముందు అంకుల్ అనేది. "కాళ్లు చేతులు కడుక్కోండ్రి."

ఆకలి లేదు బిడ్డా అన్నాను. ఆమె నవ్వి మళ్లీ పిలిచింది.